ఎనిమిది మీటర్ల మంచం

పెద్దాసుపత్రి ఐసీయూలో ఆరో నంబరు మంచం ఇప్పుడు మంచం కాదు, కరెంటు స్తంభం. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం. పైన ఇనప అడ్డపట్టీ మీద అప్పలకొండ నడుముకి బెల్టు బిగించుకుని, తల ఒక పక్కకి వాల్చి కూర్చుని ఉన్నాడు. వెంటిలేటరు కిందే ఉంది. దాని గొట్టం స్తంభానికి రెండు చుట్లు తిరిగి పైకి పోయి అతని నోట్లో దిగింది. బుధవారం పొద్దున డ్యూటీకి వచ్చిన నర్సు ఇదంతా చూసి, రిజిస్టరులో "ఆరు - ఎత్తు మారింది" అని రాసి, నిచ్చెన తెప్పిస్తుంది.

గది కప్పు దానంతట అదే పైకి జరిగి చోటిస్తుంది. పై అంతస్తులో పళ్ళ డాక్టర్లు ఉంటారు. వాళ్ళు కుర్చీలు కాస్త వెనక్కి లాక్కున్నారు గానీ ఒక్క మాట అనలేదు. ఆ మేరకు వాళ్ళని మెచ్చుకోవాలి.

స్తంభం మొదట్లో నూకరాజు నిలబడి ఉన్నాడు. అప్పలకొండ భార్య లోవకుమారికి ఇతను సొంత అన్న. అప్పలకొండ లైన్‌మన్, నూకరాజు అదే మండలం సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఒకరు స్తంభం ఎక్కుతారు, ఒకరు కింద కూర్చుని కరెంటు వేస్తారు, తీస్తారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పెళ్ళిళ్ళలో ఒకే విస్తరి దగ్గర కూర్చుని చేపముక్కల కోసం కొట్లాడుకునే రకం.

నలుగురు డాక్టర్లు నిచ్చెన ఎక్కుతారు. ఒకాయన అప్పలకొండ కళ్ళలోకి టార్చి వేస్తాడు. ఒకావిడ కంటిపాపకి దూది తాకిస్తుంది. ఇంకొకాయన చెవిలో చల్లటి నీళ్ళు పోస్తాడు. నాలుగో ఆయన కాసేపు గొట్టం ఊడదీసి, ఛాతీ తనంతట తాను లేస్తుందేమోనని గడియారం పట్టుకుని చూస్తాడు. ఏదీ జరగదు. ఆరు గంటల తర్వాత మళ్ళీ ఎక్కి, మళ్ళీ అన్నీ చేసి, దిగి చేతులు కడుక్కుంటారు.

"మెదడు చనిపోయిందమ్మా," అంటుంది వాళ్ళలో పెద్దావిడ. "మెషీను ఆడుతోంది కాబట్టి గుండె కొట్టుకుంటోంది. అవయవాలు ఇస్తామని మీరు సంతకం పెడితే, మీ ఆయన ఈ రోజు సాయంత్రం నాలుగున్నరకి చనిపోయినట్టు. పెట్టకపోతే ఇంకా చికిత్సలో ఉన్నట్టు."

"రెండిట్లో ఏది నిజమండి?" అని అడుగుతుంది లోవకుమారి.

"రెండూ నిజమే. సంతకాన్ని బట్టి."

లోవకుమారి కాయితం తీసుకుని అన్న వైపు తిరుగుతుంది. ఆవిడ చంకలో ఒక చిన్న మూట ఉంది. పసుప్పచ్చ తువ్వాలులో ఏదో చుట్టి మూడు ముళ్ళు వేసింది. అది ఆవిడ సెల్‌ఫోన్. మంగళవారం నుంచి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు, తనూ విప్పడం లేదు.

"నాకేటీ తెలీదన్నయ్యా. నువ్వు పోయాడంటే సంతకం ఎట్టేత్తాను. ఉన్నాడంటే ఉంచుతాను. నువ్వేటంటే అదే."

"ఉన్నాడమ్మా," అంటాడు నూకరాజు. "బావ బతికే ఉన్నాడు."

అతను ఆ మాట అనగానే స్తంభం ఒక అడుగు పొడుగు పెరుగుతుంది. చప్పుడేమీ ఉండదు. కొబ్బరిమొక్క మొవ్వు విచ్చుకున్నట్టు నెమ్మదిగా పైకి జరుగుతుంది, దాంతో పాటు అప్పలకొండ కూడా. నర్సు గొట్టానికి ఒక ముక్క అతికిస్తుంది.

నూకరాజు ఎందుకలా అన్నాడో ఇక్కడ చెప్పేస్తే మంచిది, దాచి లాభం లేదు.

లైను మీద పని చేసేవాడు స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అంటారు దాన్ని. అంటే, నేను ఎక్కుతున్నాను, నేను దిగి చెప్పేదాకా కరెంటు వేయకు అని. తీసుకున్నవాడే తిరిగివ్వాలి. సొంత గొంతుతో ఇవ్వాలి. అతని తరఫున తమ్ముడు చెప్పినా, ఏఈ చెప్పినా, సాక్షాత్తూ దేవుడొచ్చి చెప్పినా చెల్లదు. ఆ శాఖలో చేరినవాడికి మొదటి రోజు నేర్పేది అదొక్కటే. నూకరాజు ఇరవై రెండేళ్ళుగా అది పాటించాడు, కొత్తవాళ్ళకి నేర్పాడు, తప్పినవాళ్ళని నలుగురిలో నిలబెట్టి తిట్టాడు కూడా.

మంగళవారం మూడో ఫీడరు లైను మీద ఇద్దరు ఎల్‌సీ తీసుకున్నారు. ఒకడు అవతలి ఊరి లైన్‌మన్, రెండోవాడు అప్పలకొండ. నారుమళ్ళు ఎండిపోతున్నాయని రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. అవతలి ఊరి లైన్‌మన్ ఫోన్ చేసి, "దిగిపోయాం, వేసేయండి," అన్నాడు. దిగిపోయాం అన్నాడు గదా, బావ కూడా దిగిపోయే ఉంటాడనుకున్నాడు నూకరాజు. అప్పటికి బావ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. రెండు నిమిషాలు ఆగి ఒక్కసారి చేసి కనుక్కుంటే పోయేది. కనుక్కోలేదు. బ్రేకరు వేసేశాడు. కరెంటు కొట్టి అప్పలకొండ స్తంభం మీంచి తలకిందులుగా పడ్డాడు.

ఆ తర్వాత చేసిన పని ఇంకా ఘోరం. లాగ్‌బుక్ తీసి, "11.40 - అప్పలకొండ దిగి ఎల్‌సీ తిరిగి ఇచ్చెను" అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోతుంది.

పై అధికారులు ఆ రాత చూశారు, అప్పలకొండ ఫోన్లో పదకొండు ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిదిల్లో భార్య చేసిన మూడు కాల్స్ చూశారు. రెండూ కలిపి రిపోర్టు తయారుచేశారు, ఆ ఫోన్లోంచి సబ్‌స్టేషన్‌కి కాల్ పోయిందా అని మాత్రం చూడలేదు. భార్య ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే లైన్‌మన్ కంగారుపడి, దిగకుండానే దిగానని చెప్పేశాడని తేల్చారు. లోవకుమారి ఆ మాట నమ్మింది. ఆవిడ ఫోన్ చేసింది చామదుంపలు పులుసు పెట్టాలా వేపుడు చెయ్యాలా అని అడగడానికి.

నూకరాజుకి బావ మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ బావ పోయాడని కాయితం మీద పడితే అది చావు కేసు అవుతుంది, పోలీసులొస్తారు, ఆ రాతని భూతద్దం పెట్టి చూస్తారు. బావ బతికున్నంతకాలం అది వట్టి దెబ్బ. బావ ఊపిరి అతనికి గొడుగు అయి కూర్చుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ గొడుగు కిందే నిలబడ్డాడు.

గురువారం అతను ప్లీడరు చుట్టూ తిరిగి, చెల్లెలి పేరున కోర్టులో పిటిషన్ వేయిస్తాడు. మెషీను తీయకూడదు. కారణాలు మూడు: ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరాడుతోంది, గడ్డం పెరుగుతోంది. ఎవరైనా వచ్చి ఎలా ఉన్నాడని అడిగితే, "బతికే ఉన్నాడు," అంటాడు. పలకరించడానికి చాలామంది వస్తున్నారు. ప్రతి పలకరింపుకీ స్తంభం ఒక అడుగు పెరుగుతోంది. సాయంత్రానికి నిచ్చెనలు రెండు కలిపి కడితే గానీ నర్సు అప్పలకొండ నోరు తుడవలేకపోతోంది.

"ఆయన అలా అలా దూరం అయిపోతన్నాడేటన్నయ్యా," అంటుంది లోవకుమారి, మెడ పైకెత్తి. కింది నుంచి చూస్తే మొగుడి ముఖం ఆవిడకి బొట్టుబిళ్ళంత కనిపిస్తోంది.

"మెడ నొప్పెడుతుంది, కూర్చో. రెండు ముద్దలు తిను," అంటాడు నూకరాజు, క్యారేజీ మూత తీసి.

"దిగట్లేదు."

"తినాలమ్మా. నువ్వు తినకపోతే బావకి ఎవరున్నారు?" అని బతిమాలతాడు. ఆ మాటకి స్తంభం పెరగదు. అతను గమనిస్తాడు.

శుక్రవారం పొద్దున్నే జడ్జిగారు ఐసీయూకే వస్తారు. నడివయసావిడ. చెప్పులు బయట విడిచి, కాళ్ళకి ఆసుపత్రి వాళ్ళిచ్చిన నీలం సంచులు తొడుక్కుని, నర్సు కూర్చునే స్టూలు మీద కూర్చుంటారు. కోర్టు మొదలైనట్టు అందరికీ అర్థమవుతుంది.

బయట వరండాలో మూడో ఫీడరు రైతులు గోడవారగా వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఎండిన నారుకట్ట ఉంది. మంగళవారం నుంచి ఆ లైనుకి ఎవరూ కరెంటు వేయలేదు. స్తంభం మీద మనిషి ఉండగా ఎలా వేస్తారు? వాళ్ళు ఎవరినీ ఏమీ అడగరు. మెట్ల మీద ఇంకో ఐదుగురు కూర్చున్నారు. వాళ్ళకి మూత్రపిండాలో, కాలేయమో కావాలి. వాళ్ళూ ఏమీ అడగరు.

"పైన ఎవరున్నారు?" అని జడ్జిగారు పెద్ద డాక్టరుని అడుగుతారు.

"ఎవరూ లేరండి. శరీరం ఉంది."

"పైన ఎవరున్నారు?" అని నూకరాజుని అడుగుతారు.

"మా బావండి. బతికే ఉన్నాడండి."

స్తంభం పెరుగుతుంది. జడ్జిగారు లేచి వెళ్ళి, స్తంభం మీద పెన్సిలుతో గీత గీసి, మళ్ళీ వచ్చి కూర్చుంటారు.

"ఇంకోసారి చెప్పండి."

"బతికే ఉన్నాడండి."

గీత ఒక అడుగు పైకి పోతుంది. జడ్జిగారు దాన్ని కాసేపు చూసి, కాయితాల్లో ఏదో రాసుకుంటారు. తర్వాత సంచిలోంచి సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ తీస్తారు. నాలుగు రోజులైనా ఆ పేజీలో సిరా ఇంకా తడి ఆరలేదు. పట్టుకున్న వాళ్ళందరి వేళ్ళకీ అంటుకుంది. ప్లీడరు వేళ్ళు నీలం, గుమాస్తా వేళ్ళు నీలం, ఇప్పుడు జడ్జిగారివి కూడా.

"ఈ దస్తూరీ మీదేనా?"

"నాదేనండి."

"అయితే అప్పలకొండ మంగళవారం పదకొండు నలభైకే దిగిపోయాడు. దిగిపోయినవాడు పైన ఉండడు. లేనివాడికి మెషీను తీయొద్దని నేను ఆర్డరు ఇవ్వలేను. కాదూ, పైన మనిషి ఉన్నాడంటారా, ఈ రాత అబద్ధం అవుతుంది. రెండిట్లో ఒకటి మీరు ఉంచుకోండి. రెండోది కోర్టు తీసుకెళ్తుంది."

నూకరాజు ఆ రాత వైపు చూస్తాడు. మరుక్షణంలోనే దారి కనిపిస్తుంది. రాత నిజమండి, అనేస్తే సరి. పైన ఎవరూ లేరని డాక్టర్లు ఎలాగూ అంటున్నారు. చెల్లెలు సంతకం పెడుతుంది, బావకి అన్నీ సవ్యంగా జరుగుతాయి, ఐదుగురు బతుకుతారు. రిపోర్టు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇంత మంచి ఎవరికీ కష్టం లేకుండా జరిగిపోతుంది. అతను ఆ మాట అనడానికి నోరు తెరుస్తాడు కూడా.

ఈలోగా లోవకుమారి ముందుకొస్తుంది. తువ్వాలు ముళ్ళు ఒకటొకటిగా విప్పి, సెల్‌ఫోన్ తీసి జడ్జిగారి ఒళ్ళో పెడుతుంది.

"ఆ రాత నిజమేనండి. ఆయన దిగకుండానే దిగానని సెప్పేశాడు. నా మూలంగానండి. మూడుసార్లు సేశాను. ఎత్తకపోతే ఊరుకోవాలి గదా, ఊరుకోలేదు. నాకేటి శిచ్చో మీరు రాసెయ్యండి."

జడ్జిగారు లావుపాటి పుస్తకం తెరిచి, వేలు పెట్టి వెతుకుతారు. చాలా పేజీలు వెతుకుతారు.

"మొగుడికి ఫోన్ చేసినందుకు శిక్ష లేదమ్మా."

"లేకపోతే నేనేటి సెయ్యాలండి?" అంటుంది లోవకుమారి. "నాకు ఏదో ఒకటి ఉండాలి గదండి. అది లేకుండా నేను ఇంటికెళ్ళి ఎలా కూకుంటాను? ఆ కంచాలూ అవీ ఎలా ముట్టుకుంటాను?"

జడ్జిగారు పుస్తకం మూసేస్తారు. నూకరాజు చెల్లెలి ముఖం చూస్తాడు. నాలుగు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. ఈ పిల్లని ఎత్తుకుని అతను ఊరంతా తిప్పాడు. ఎండలో కాళ్ళు కాలతాయని చెప్పులు విప్పి ఇచ్చి, తను ఉత్తి కాళ్ళతో నడిచాడు. ఇప్పుడు తన నిప్పుల మీద ఆవిడని నడిపిస్తున్నాడు. తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

"లోవా," అంటాడు. "బావ ఎల్‌సీ ఇవ్వలేదమ్మా. బావ ఫోనే సెయ్యలేదు. అవతలి ఊరాడు దిగిపోయామంటే ఇద్దరూ దిగారనుకుని నేనే కరెంటు ఏసేశాను. బావ పడిపోయాక పుస్తకంలో ఆ ముక్క రాసేశాను. ఆ రాత అబద్ధం."

ఆఖరి మాటతో పాటు అతని నోట్లోంచి ఏదో జారి దోసిట్లో పడుతుంది. బరువుగా, తడిగా, వెచ్చగా ఉంది. ఎవరూ దాని వైపు చూడరు. చూసే తీరిక లేదు.

"అయితే నా ఫోను?" అంటుంది లోవకుమారి.

"నీ ఫోనుకీ దీనికీ ఏ సంబంధం లేదు."

"ఇది నీకు మంగళారమే తెలుసు."

"తెలుసు."

"నిన్న నా ఎదురుగుండా కూకుని, తినమ్మా తినమ్మా అని బతిమాలావు."

"అవును."

లోవకుమారి అతన్ని కొట్టదు, తిట్టదు. చెయ్యి మాత్రం ఒకసారి పైకి లేచి, ఎక్కడ వాలాలో తెలియనట్టు గాల్లో ఆగి, పమిట సర్దుకోవడానికి దిగుతుంది. అప్పుడే స్తంభం దిగడం మొదలెడుతుంది. ఎంత నెమ్మదిగా పెరిగిందో అంత నెమ్మదిగా నేలలోకి దిగుతుంది. జడ్జిగారి గీత గచ్చులోకి పోతుంది. గది కప్పు వెంట దిగుతుంది. పళ్ళ డాక్టర్లు కుర్చీలు ముందుకి జరుపుకుంటున్న చప్పుడు వినపడుతుంది. ఆఖరికి అప్పలకొండ మామూలు మంచమంత ఎత్తులో, బెల్టు వదులై, వెల్లకిలా పడుకుని ఉంటాడు.

లోవకుమారి దగ్గరికెళ్ళి అతని చెంప మీద చెయ్యి వేస్తుంది. నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే చేతికి అందాడు.

"గడ్డం నీకు బాగోదు," అంటుంది. "పులుసే ఎట్టాను ఆ రోజు."

తర్వాత కాయితం తెప్పించుకుని, పెన్ను అడిగి, తన పేరు పూర్తిగా రాస్తుంది. లో నుంచి రి వరకు ఒక్క అక్షరం కూడా వంకర పోదు. పెద్ద డాక్టరు గడియారం చూసి, చనిపోయిన సమయం బుధవారం సాయంత్రం నాలుగున్నర అని రాసుకుంటుంది. మెట్ల మీంచి ఐదుగురూ లోపలికి వస్తారు. కాళ్ళు కడుక్కుని వచ్చారు. ఒక్కొక్కరే మంచం దగ్గర తల వంచి, ఇచ్చింది రెండు చేతులతో అందుకుని, కడుపుకి హత్తుకుని, "వెళ్ళొస్తామమ్మా," అని లోవకుమారికి చెప్పి వెళ్ళిపోతారు. ఆవిడ ఒక్కొక్కరికీ తల ఊపుతుంది. మెషీను ఆపినప్పుడు ఎవరూ గమనించరు. వరండాలో రైతులు నారుకట్టలు భుజానేసుకుని లేస్తారు.

జడ్జిగారు లాగ్‌బుక్ సంచిలో పెట్టుకుంటారు. "అబద్ధం కోర్టు తీసుకెళ్తోంది," అంటారు నూకరాజుతో. "మీ దగ్గర ఉండాల్సిన నిజం మీ దగ్గరే ఉంది. పోలీసులు మధ్యాహ్నం వస్తారు, ఎక్కడికీ వెళ్ళకండి."

అప్పుడు నలుగురు డాక్టర్లూ నూకరాజు దోసిలి వైపు తిరుగుతారు. వాళ్ళ చేతుల్లో టార్చీ, దూదీ, నీళ్ళూ ఇంకా అలాగే ఉన్నాయి.

అది మూరెడు కూడా లేదు. ఒళ్ళంతా మెత్తటి నల్ల బొచ్చు, జిగురు ఇంకా ఆరలేదు. నాలుగు కాళ్ళు ఉన్నట్టున్నాయి గానీ వాటి మీద నిలబడడం ఇంకా రాలేదు. మేకపిల్ల కాదు, కుక్కపిల్ల కాదు. డాక్టరు కళ్ళలో టార్చి వేస్తే పాపలు టక్కున చిన్నవవుతాయి. దూది తాకిస్తే రెప్ప వేస్తుంది. చెవిలో చల్లటి నీళ్ళు పోస్తే తల విదిలించి అందరి మీదా చల్లుతుంది. నాలుగో ఆయన గడియారం పట్టుకుని చూస్తాడు. గొట్టమేమీ లేకుండానే దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"బతికే ఉంది," అంటుంది పెద్దావిడ. "చాలా గట్టిది. మీకంటే ఎక్కువ కాలం ఉన్నా ఉంటుంది." నలుగురూ సంతకాలు పెడతారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ చూడక్కర్లేదంటారు.

అది నూకరాజు బొటనవేలు చీకుతుంది. ఏమీ రాకపోయేసరికి నోరు తెరిచి ఏడుస్తుంది. గొంతు చిన్నదే గానీ గదంతా వినపడుతోంది. నూకరాజు ఏం చెయ్యాలో తెలియక చెల్లెలి వైపు చూస్తాడు. చిన్నప్పటి నుంచి ఆవిడే ఇతని వైపు చూసేది.

"ఆకలేత్తంది దానికి," అంటుంది లోవకుమారి. "పట్టు. రోజుకి ఆరేడు సార్లు పట్టాలి. రాత్రుళ్ళు కూడా లేవాలి."

నూకరాజు, అప్పలకొండని తీసుకెళ్ళాక ఖాళీ అయిన మంచం అంచున కూర్చుని, ఖాకీ చొక్కా బొత్తాలు విప్పుకుంటాడు. అది తలతో కుమ్ముకుంటూ వచ్చి ఎడమవైపు రొమ్ము పట్టుకుంటుంది. లోవకుమారి, బాలింతకి ఎవరైనా చేసేట్టే, ఆకుపచ్చ తెర చుట్టూ లాగి, తను మాత్రం బయటే ఉండిపోతుంది. లోపల నూకరాజుకి పాలు పడుతున్నాయి.